విశాలకోణ కటకం ఎంపిక

విశాలకోణ కటకం (వైడ్ యాంగిల్ లెన్సు) అనగా మామూలు కటకం కంటె ఎక్కువ వెడల్పైన దృశ్యాన్ని ఒకే ఛాయాచిత్రంలో ఇమిడ్చే కెమెరా కటకం. 36×24 మి.మీ. ఫిల్ము లేదా సెన్సరు గల కెమెరాలపై 35 మి.మీ., అంతకు తక్కువ నాభ్యంతరం గల కటకాలను ఈ కోవలో చేరుస్తారు. 24 మి.మీ. కంటె తక్కువైన వాటిని అతివిశాలకోణ కటకాలు అంటారు. వీటి ధర ఎక్కువ కావడం వలన పరిమితమైన సొమ్ముతో కొనే విద్యార్థులు, ఔత్సాహికులు ముందుగా తమ అవసరాన్ని లెక్కించుకొనవలసి ఉంటుంది. ఇందుకు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొని ఉన్న తార్నాక మంచి ఉదాహరణలు. మొదటిచోట వెనుకకు నడవడానికి కావలసినంత ఖాళీ ఉన్నది, రెండవచోట లేదు.

నాభ్యంతరం, సెన్సరు

పాఠశాల భౌతికశాస్త్రంలో చదివిన నాభ్యంతరమే కటకంపై మిల్లీమీటర్లలో ముద్రింపబడి ఉంటుంది. అయితే దృశ్యకోణం నాభ్యంతరంతో పాటు సెన్సరు పరిమాణంపై కూడా ఆధారపడుతుంది. 36×24 మి.మీ. సెన్సరుపై 50 మి.మీ. కటకం కర్ణం వెంబడి సుమారు 47 డిగ్రీలు, 28 మి.మీ. కటకం 75 డిగ్రీలు, 20 మి.మీ. కటకం 94 డిగ్రీలు చూపుతాయి. విద్యార్థుల వద్ద సాధారణంగా ఉండే కెమెరాలలో సెన్సరు ఇంతకంటె చిన్నది (ఏపీఎస్-సి). దీనిపై సమాన నాభ్యంతరం తెలుసుకొనుటకు నికాన్, సోనీ కెమెరాలలో 1.5తోను, కెనాన్‌లో 1.6తోను గుణించాలి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడనే. ఫిల్ము కాలంనాటి 28 మి.మీ. కటకం చవకగా దొరికిందని కొంటే, చిన్న సెన్సరుపై అది 42 మి.మీ. కటకంతో సమానమై, దాదాపు మామూలు కటకంగా పనిచేస్తుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కటకమే అంతకంటె విశాలమైనది.

ఆర్ట్స్ కళాశాల: ఒక లెక్క

1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి గులాబీరంగు గ్రానైటుతో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనం చిహ్నం వంటిది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఈ భవనం 1939లో ప్రారంభమైనది. ప్రాంగణానికి కెమెరాతో వచ్చినవారు మొదట తీసేది ఈ భవనాన్నే.

ఒక వస్తువు పూర్తిగా చిత్రంలో పట్టుటకు నిలబడవలసిన దూరం = వస్తువు వెడల్పు × నాభ్యంతరం ÷ సెన్సరు వెడల్పు. లెక్క కొరకు ముఖభాగం వెడల్పు 100 మీటర్లు అనుకొందాం. నికాన్ చిన్న సెన్సరు వెడల్పు 23.5 మి.మీ. కనుక 18 మి.మీ. వద్ద సుమారు 77 మీటర్ల దూరం, 10 మి.మీ. వద్ద సుమారు 43 మీటర్ల దూరం సరిపోతుంది. భవనం ఎదుట విశాలమైన ఆవరణ ఉన్నది. అనగా ఈ చిత్రం కొరకు కొత్త కటకం కొననవసరం లేదు; మరి 34 మీటర్లు వెనుకకు నడిస్తే చాలును. పైగా దగ్గర నుండి అతివిశాల కటకంతో తీస్తే ముందున్న రోడ్డు చిత్రంలో సగం ఆక్రమించి, భవనం చిన్నబోతుంది.

గదులలో పరిస్థితి వేరు. ఎదుటి గోడ 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు 18 మి.మీ. కటకం 3.9 మీటర్ల గోడను, 10 మి.మీ. కటకం 7 మీటర్ల గోడను చూపుతాయి. వసతిగృహపు గది, ప్రయోగశాల, వసారా వంటి చోట్ల వెనుక గోడ అడ్డు వస్తుంది కనుక ఇటువంటి చిత్రాలు ఎక్కువగా తీసేవారికి మాత్రమే అతివిశాల కటకం నిజంగా అవసరం.

తార్నాకలో

సికింద్రాబాదు నుండి ఉప్పల్ వైపు వెళ్ళే రోడ్డుపై తార్నాక మెట్రో స్టేషను 2017 నవంబరు 29న ప్రారంభమైనది. వంతెన స్తంభాలు, పైన స్టేషను, కింద వాహనాలు కలిపి ఒకే చిత్రంలో చూపాలంటే రోడ్డు దాటి వెనుకకు పోవడం కుదరదు. దుకాణాలు అడ్డు వస్తాయి. రద్దీలో వెనుకకు అడుగులు వేయడం ప్రమాదకరం కూడా.

ఇక్కడ ఖర్చులేని ఉపాయం ఒకటి ఉన్నది. కెమెరాను నిలువుగా పట్టుకొని, నిలబడిన చోటనే తిరుగుతూ, ఒకదానిపై ఒకటి మూడవ వంతు కలిసేటట్లు వరుసగా చిత్రాలు తీసి, హగిన్ వంటి ఉచిత సాఫ్టువేరులో అతికించవచ్చును. కాంతి అమరికను మొదటి చిత్రం నుండి చివరిదాకా మార్చరాదు. భవనాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. కాని కదిలే ఆటోలు, బస్సులు అతుకు వద్ద సగానికి తెగిపోతాయి. రద్దీ బజారును తీసేవారికి ఈ పద్ధతి పనికిరాదు.

గోడలు వాలడం, ముఖాలు సాగడం

ఎత్తైన భవనం గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరైనట్లు కనబడితే చాలామంది కటకాన్ని నిందిస్తారు. నిజానికి కెమెరాను పైకి వంచడమే దీనికి కారణం. కెమెరాను నిటారుగా ఉంచి తీసి, కింది భాగాన్ని తరువాత కత్తిరిస్తే గోడలు నిలువుగానే వస్తాయి.

ముఖాలు సాగడం మాత్రం విశాలకోణంతో వచ్చే చిక్కే. గోళాకారపు వస్తువు చిత్రం అంచున దీర్ఘవృత్తంగా సాగుతుంది. చిన్న సెన్సరుపై 18 మి.మీ. వద్ద ఈ సాగుదల అడ్డు అంచున సుమారు 1.2 రెట్లు, 10 మి.మీ. వద్ద సుమారు 1.5 రెట్లు. వీడ్కోలు రోజున ఆర్ట్స్ కళాశాల మెట్లపై తీసే బృంద చిత్రంలో చివర నిలబడినవారి తలలు వెడల్పుగా పడతాయి. ఆ చిత్రాన్ని వారు జీవితాంతం దాచుకొంటారు కనుక ఛాయాచిత్రకారుడు వెనుకకు జరిగి 24 లేదా 35 మి.మీ. వద్ద తీయడం మేలు.

ధర ఎందుకు ఎక్కువ

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో కటకానికి, సెన్సరుకు మధ్య అద్దం ఉంటుంది. కటకం బిగించే అంచు నుండి సెన్సరుకు దూరం నికాన్‌లో 46.5 మి.మీ., కెనాన్‌లో 44 మి.మీ. కాబట్టి 10 మి.మీ. కటకం తన నాభ్యంతరం కంటె ఎంతో దూరం నుండి ప్రతిబింబాన్ని ఏర్పరచాలి. ఇందుకు ముందువైపు పుటాకార భాగాన్ని చేర్చే రెట్రోఫోకస్ పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన పియెర్ ఆంజెన్యూ 1950లో 35 మి.మీ. కటకంతో ఛాయాచిత్రకళకు తెచ్చాడు. గాజు పలకలు పెరగడం వలన బరువు, ఖర్చు పెరిగాయి.

చవకైన కటకాలు

కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 (2014), నికాన్ ఏఎఫ్-పి 10-20 (2017) తక్కువ ఖర్చుతో అతివిశాలకోణం ఇచ్చే కటకాలలో ముఖ్యమైనవి. రెండూ పావుకిలో లోపు బరువు గలవి, చేతి వణుకును సరిదిద్దగలవి. అయితే నికాన్ కటకం డి90, డి3100 వంటి పాత కెమెరాలపై ఫోకస్ కాదు. చేతితో తిప్పినా కాదు. కొనేముందు కెమెరా నమూనా సరిచూసుకొనడం తప్పనిసరి. 2008లో వచ్చిన తొకినా 11-16కు ద్వారం ఎఫ్/2.8 వరకు తెరుచుకొంటుంది. కాని దాని తొలి నికాన్ రకాన్ని మోటారు లేని కెమెరాలపై చేతితోనే ఫోకస్ చేయాలి. ఇది పెద్ద లోపమేమీ కాదు. 10 మి.మీ., ఎఫ్/8 వద్ద సుమారు 65 సెం.మీ. దూరానికి ఫోకస్ చేసి వదిలిపెడితే, అందులో సగం దూరం నుండి అనంతం వరకు స్పష్టంగానే ఉంటుంది.

18-55 కటకం ముందు బిగించే చవక "వైడ్ కన్వర్టరు"లు మాత్రం కొనదగినవి కావు. వాటితో అంచులు మసకబారి, రంగులు విడిపోతాయి.

వాడిన కటకాలు

2018లో కెనాన్, నికాన్ సంస్థలు పెద్ద సెన్సరు గల అద్దంలేని కెమెరాలకు కొత్త బిగింపులు తెచ్చిన తరువాత చాలామంది పాత కటకాలను అమ్మివేశారు. కోఠీ వంటి చోట్ల వాడినవాటిని కొనేవారు కటకం వెనుక నుండి టార్చి వేసి చూడాలి. సాలెగూడు వంటి పోగులు కనబడితే అది బూజు. ధర ఎంత తగ్గించినా వదలివేయడం మంచిది. దుమ్ము రేణువులు నాలుగైదు ఉన్నా నష్టం లేదు.

విశాలకోణ కటకాలు కిందపడితే లోపలి పలకలు పక్కకు జరుగుతాయి. దీనిని కనుగొనుటకు గోడకు అంటించిన వార్తాపత్రికను ఎదురుగా, సమాంతరంగా నిలబడి, ద్వారం పూర్తిగా తెరిచి తీసి, నాలుగు మూలలను పెద్దవిగా చేసి పోల్చాలి. మూలలన్నీ ఒకేలా కొద్దిగా మసకగా ఉంటే అది ఆ కటకం స్వభావం. ఒక మూల మాత్రమే చెదిరితే అది దెబ్బతిన్న కటకం. ఈ పరీక్షకు దుకాణదారు ఒప్పుకొనని పక్షంలో మరొక దుకాణం చూసుకొనవలెను.