రాజీనామా ఫారం మీద సంతకం పెట్టే ముందు

శుక్రవారం సాయంత్రం పదిహేను నిమిషాల వీడియో కాల్. అవతల మా మేనేజర్, పక్కనే నేనెప్పుడూ చూడని హెచ్‌ఆర్ ఆవిడ. ‘మార్కెట్ బాగాలేదు, ప్రాజెక్టులు తగ్గాయి. మీరే రాజీనామా చేసినట్టు ఇస్తే రిలీవింగ్ లెటర్ ఏ మచ్చా లేకుండా వస్తుంది’ అన్నారు. సోమవారం ఉదయం పదింటికల్లా సంతకం పెట్టి పంపాలట. ఐదేళ్ల ఉద్యోగం. నా నోటి నుంచి వచ్చింది రెండే మాటలు: ‘ఓకే, థాంక్యూ.’

ఎందుకు థాంక్యూ చెప్పానో బెంగళూరు నుంచి హిందూపురం వచ్చే రైల్లో ఆలోచిస్తూనే ఉన్నా. అక్కణ్నుంచి బస్సెక్కి గుడిబండలో దిగేసరికి రాత్రయింది. అమ్మానాన్నలకి చెప్పే ధైర్యం లేదు. మొదట చెప్పింది చిన్నమ్మకే. ఆమె ఏళ్ల తరబడి గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ మీద కుట్టింది. ముందు బెంగళూరులో, ఇప్పుడు హిందూపురం దగ్గర. అంతా విని ఒకటే అడిగింది.

‘‘నిన్నొక్కణ్నే తీసేసినారా, ఇంకెవురినైనా తీసేసినారా?’’

నాకు తెలీదు. పక్క సీటు వాణ్ని అడగాలని కూడా తట్టలేదు. నాలో ఏదో లోపం ఉందేమో, అందుకే నా పేరు వచ్చిందేమో అనుకున్నా, అంతే.

‘‘ఇంజనీరింగ్ చదివినావు గానీ, ఇది చదవలేదు నాయనా’’ అంది.

ఆ రెండు రోజులు

చిన్నమ్మ ‘ఇది’ నేర్చుకున్నది 2016 ఏప్రిల్‌లో. అప్పటికి రెండు నెలల ముందు, ఫిబ్రవరి 10న, కేంద్రం పీఎఫ్ నిబంధన మార్చింది. పీఎఫ్‌లో మన జీతం నుంచి పోయేది కొంత, యజమాని వేసేది కొంత. ఉద్యోగం మానేసినా సరే, యజమాని వాటాని 58 ఏళ్లు నిండేదాకా తీసుకోకూడదు అన్నది కొత్త రూల్. ఆఫీసు ఉద్యోగికి అది పేపర్లో చిన్న వార్త. కుట్టుపని చేసే ఆడవాళ్లకి మాత్రం పీఎఫ్ అంటే పిల్లల స్కూలు ఫీజు, వడ్డీ అప్పు, కూతురి పెళ్లి. అరవై ఏళ్ల దాకా మిషన్ మీద కూర్చునేవాళ్లు ఎంతమంది?

ఏప్రిల్ 18న బెంగళూరులో వేలమంది గార్మెంట్ కార్మికులు రోడ్డెక్కారు. ఎక్కువమంది ఆడవాళ్లే. హోసూరు రోడ్డు స్తంభించింది. ముందు నడిపించిన పెద్ద నాయకుడు లేడు, పెద్ద యూనియన్ పిలుపూ లేదు. ఒక ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంకో గేటుకి మాట పాకింది. లాఠీచార్జి జరిగింది, బస్సులూ పోలీసు వాహనాలూ తగలబడ్డాయి. 19న కేంద్రం ఆ రూల్‌ని వెనక్కి తీసుకుంది. దేశంలో పీఎఫ్ ఉన్న ప్రతి ఒక్కరికీ అది వర్తించింది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లక్కూడా. అప్పుడు నేను కాలేజీలో ఉన్నా. ట్రాఫిక్ జామ్ అయిందన్న వార్త చూసినట్టు గుర్తు.

కష్టం వస్తే తిరుగుబాటు వస్తుందా?

ఆర్థిక సంక్షోభం వస్తే జనం మేల్కొంటారని, విప్లవం దానంతటదే వస్తుందని కాలేజీ రోజుల్లో ఒక సీనియర్ గట్టిగా వాదించేవాడు. ఆ రాత్రి నిద్ర పట్టక చరిత్ర చదువుతూ కూర్చున్నా. లెక్క అంత సులువుగా లేదు.

1929లో మొదలైన మహా మాంద్యమే తీసుకోండి. అమెరికాలో 1933 నాటికి నలుగురిలో ఒకరికి పనిలేదు. జర్మనీలో 1932లో నిరుద్యోగులు 60 లక్షలు. రెండు చోట్లా ఆకలి ఒకటే. జర్మనీలో పెద్ద కార్మిక పార్టీలు రెండున్నా, అవి ఒకదాన్నొకటి శత్రువులా చూసుకున్నాయి. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కాడు. అమెరికాలో సంఘం పెట్టుకునే హక్కుకి 1935లో చట్టం వచ్చింది. 1936 డిసెంబర్ 30న ఫ్లింట్ అనే ఊళ్లో జనరల్ మోటార్స్ కార్మికులు ఫ్యాక్టరీ లోపలే కూర్చుండిపోయారు. 44 రోజుల తర్వాత కంపెనీ వాళ్ల యూనియన్‌ని గుర్తించింది. గమనించండి, ఈ సమ్మె మాంద్యం అడుగంటిన ఏడాదిలో రాలేదు. పనులు కాస్త పుంజుకున్నాక వచ్చింది.

అంటే కష్టం మొదట తెచ్చేది కోపం కాదు, భయం. భయపడినవాడు ఒంటరి అవుతాడు, నాలాగా థాంక్యూ చెప్తాడు. పక్కవాడిదీ అదే కష్టం అని తెలిసినప్పుడే ఆ భయం వేరే దారి పడుతుంది.

మగ్గం నాదే, మరి నేను కూలీనా?

అలా తెలియకుండా అడ్డుపడేది ఏంటి? మా జిల్లాలోనే జవాబు ఉంది. ధర్మవరంలో చాలామంది పట్టు నేతగాళ్లకి మగ్గం సొంతం, ఇల్లే కార్ఖానా. కానీ పట్టూ జరీ ఇచ్చేది షావుకారు, డిజైన్ చెప్పేది షావుకారు, చీర తీసుకుని కూలి లెక్కగట్టేది కూడా ఆయనే. ముడిపట్టు ధర పెరిగినా, పవర్‌లూమ్ చీర వచ్చి గిరాకీ పడిపోయినా మొదట ఆగేది ఆ మగ్గమే. అయినా ‘నా మగ్గం’ అంటాడు నేతగాడు. ప్రతి ఇంట్లో ఒక్కో మగ్గం, ప్రతి ఇంటి కష్టం ఆ ఇంటిదే.

నా ల్యాప్‌టాప్‌ కూడా అంతే. మగ్గమైనా సొంతం, ఇది కంపెనీది! ఏసీ, ఐడీ కార్డు, పేరు ముందు ‘సీనియర్’. వీటివల్ల నేను వేరే జాతి అనుకున్నా. కార్మికుడంటే చిన్నమ్మ, నేను ‘ప్రొఫెషనల్’.

చట్టం మాత్రం పేరు చూడదు, చేసే పని చూస్తుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కోడ్‌లోనూ ‘టెక్నికల్’ పని చేసేవాళ్లు కార్మికులే. మేనేజర్లకీ, 18,000 దాటి జీతం తీసుకునే సూపర్‌వైజర్లకీ మాత్రం వర్తించదు. నా కింద ఒక్కరూ లేరు, నేను రాసేది కోడ్. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ని మిగులు అని తీసేస్తే నెల నోటీసు ఇవ్వాలి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. నాకైతే 75 రోజుల జీతం. ‘నేనే మానేస్తున్నా’ అని సంతకం పెడితే? ఆ లెక్కే ఉండదు. ఫారం ఎందుకు పంపారో అప్పుడు అర్థమైంది.

అదే కోడ్‌లో ఇంకోటీ ఉంది. ఇదివరకు ప్రజోపయోగ సేవలకే ఉన్న సమ్మె నోటీసు ఇప్పుడు అన్ని పరిశ్రమలకీ తప్పనిసరి, 14 రోజులు ముందుగా. సగం మంది కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. 2016 ఏప్రిల్ 18 లాంటి రోజు ఇప్పుడు వస్తే, గేటు దాటిన క్షణమే అది చట్టవిరుద్ధం.

ఆ రెండు రోజుల తర్వాత ఏమైందని చిన్నమ్మని అడిగా. ‘‘ఏముంది? మళ్లీ అదే మిషను, గంటకి అన్ని పీసులని అదే లెక్క. గెలిచినాం, ఇండ్లకి పోయినాం. కలిసి కూర్చునేది నిలబెట్టుకోలేదు’’ అంది. విప్లవం గురించి నేను చదివిన వాటన్నిటికంటే ఈ మాటే నాకు బరువుగా తగిలింది. రోడ్డెక్కడానికి ఒక్క రోజు చాలు. ఆ తర్వాత కలిసి ఉండటానికే ఏళ్లు కావాలి.

ఆదివారం రాత్రి

టీమ్‌లో ఒకడికి మెసేజ్ పెట్టా. ‘నీకూ వచ్చిందా కాల్?’

రెండు నిమిషాల్లో జవాబు: ‘నీకెలా తెలుసు?’

రాత్రి పదకొండుకి గ్రూపులో తొమ్మిదిమందిమి. అందరికీ అదే ఫారం, అదే సోమవారం పది గంటలు, అవే వాక్యాలు. సోమవారం ఎనిమిదిమందిమి సంతకం బదులు ఒకే మెయిల్ పంపాం: ‘తీసేస్తున్నట్టయితే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి.’ ఒకడు సంతకం పెట్టేశాడు. ఇంటి లోను ఈఎంఐ ఉంది వాడికి. ఎవరూ ఒక్క మాట అనలేదు, గ్రూపులోంచి తీసెయ్యలేదు కూడా.

గడువు ఇంకో వారం పెంచుతున్నామని సాయంత్రం జవాబు వచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలీదు. చిన్నమ్మ షిఫ్ట్ దిగి ఫోన్ చేసింది. ఉద్యోగం ఏమైందని అడగలేదు.

‘‘ఎంతమంది అయినారప్పా?’’ అంది.