వెండి చేపకు విషమా?

మీ ఇంట్లో వెండి ఉగ్గుగిన్నె ఉందా? దానితో ఎన్ని తరాల పసిపాపలకు ఉగ్గు పట్టి ఉంటారో! మరి అదే వెండి చేపలకు విషమవుతుందంటే నమ్ముతారా?

పటికబెల్లం ముక్కను ఒక గ్లాసు నీటిలోను, అంతే బరువు గల పొడిని మరో గ్లాసులోను వేసి చూడండి. పొడి ముందుగా కరుగుతుంది. నీరు తాకే ఉపరితలం పొడికి ఎక్కువ కదా!

వెండి సంగతీ అంతే. ఒక సెంటీమీటరు భుజం గల వెండి ఘనానికి ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరు అంటారు. ఆ ఘనాన్నే 10 నానోమీటర్ల భుజం గల ఘనాలుగా కోయగలిగితే, మొత్తం వైశాల్యం 600 చదరపు మీటర్లవుతుంది. అంటే మూడు వాలీబాల్ కోర్టులకన్నా ఎక్కువ! వెండి బరువు మాత్రం మారదు.

గిన్నె నుంచి లేశమాత్రంగా వచ్చే వెండి అయానులు నానో కణాల నుంచి ధారాళంగా విడుదలవుతాయి. అవి బాక్టీరియాను చంపుతాయి. అందుకే చెమట వాసన రాకుండా కొన్ని మేజోళ్లలో నానో వెండిని కలుపుతున్నారు. ఉతికినప్పుడు అందులో కొంత మురుగునీటిలోకి, అక్కడినుంచి నదులకు, సముద్రానికి చేరుతుంది.

మంచినీటి చేప ఒంట్లోని లవణాలు నిరంతరం నీటిలోకి జారిపోతుంటాయి. ఆ లోటు పూడ్చడానికి మొప్పలు నీటినుంచి సోడియంను లోపలికి లాక్కుంటాయి. ఈ పనికి తోడ్పడే ఎంజైమును వెండి అయాను అడ్డుకుంటుంది. సముద్రంలో తీరు వేరు. అక్కడి ఉప్పు వల్ల నానో కణాలు ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగుతాయి. అప్పుడు ఆపద బురదలో మేసే జీవులకు!

గాజుతొట్టెలో తేలిన విషయం సరస్సులోనూ నిజమేనా? కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1968 నుంచి ప్రయోగాలకే కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో 222వ నెంబరు సరస్సులో 2014, 2015 సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు నానో వెండిని కొద్దికొద్దిగా కలిపారు. లీటరు నీటిలో చేరింది కొన్ని మైక్రోగ్రాములే. అయినా పసుపు పెర్చ్ అనే చేపల సంఖ్య తగ్గింది. వాటిని తినే పైక్ చేపల కాలేయంలో కూడా వెండి పేరుకుంది. కలపడం ఆపిన వెంటనే అది పోలేదు.

ఉగ్గుగిన్నెకు వచ్చిన భయమేమీ లేదు. కాని ‘వాసన రాని మేజోళ్లు’ అన్న ప్రకటన కనిపిస్తే, అందులో ఏముందో, ఉతికాక అది ఎక్కడికి పోతుందో అడిగి చూడండి.