బాణం ఎటు చూపితే పైసలు అటు

మెట్‌పల్లి మార్కెట్‌లో ఒక పసుపు అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. ఉండేది మేడిపల్లిలో. మా దగ్గర క్వింటాలు పసుపు ఎంత పలుకుతుందో నిజామాబాద్ యార్డును చూసి తెలుసుకుంటాం. నిజామాబాద్ సాంగ్లీ, ఈరోడ్ మార్కెట్ల వైపు చూస్తుంది. తవ్వేది, ఉడకబెట్టేది, ఎండబెట్టేది ఇక్కడ. ధర తేలేది మాత్రం ఇంకెక్కడో. ఇలా ఎందుకని రైతులు అడిగినప్పుడల్లా మార్కెట్ అంతే అని చెప్పి తక్‌పట్టీ అనే లెక్క చీటీ చేతిలో పెట్టడమే మా అలవాటు. ఆ ‘అంతే’ వెనుక ఉన్న లెక్కను నాకు విడమరచి చూపింది ఒక కంప్యూటర్ ఆట.

ఆట పేరు యూరోపా యూనివర్సాలిస్. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఉన్న పారడాక్స్ సంస్థ తయారు చేసింది. నేను ఆడేది 2013లో వచ్చిన నాలుగో భాగం. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్‌లో చూపించాడు. తెర మీద ప్రపంచ పటం పరుచుకుంటుంది. కాలం 1444 నవంబరు 11న మొదలై 1821 దాకా నడుస్తుంది. ఏ రాజ్యాన్నైనా మన చేతిలోకి తీసుకోవచ్చు. మొదటి తేదీన మన దిక్కు బహమనీలు, విజయనగర రాజులు ఉంటారు. తేదీ ముందుకు జరిపితే గోల్కొండ దొరుకుతుంది. మావాడికి సైన్యం మోజు. నాకు ఖజానా పేజీ నచ్చింది, అందులోనూ వ్యాపారం పటం.

ఆ పటాన్ని కొంచెం ఓపికగా చెప్పాలి, అసలు విషయమంతా అందులోనే ఉంది. ఆటలో ఒక్కో ప్రాంతంలో ఒక్కో సరుకు పుడుతుంది. ధాన్యం విలువ 2.5 డకట్లు, బట్ట 3, ఇనుము 3, రంగులు, పట్టు, రత్నాలు 4. డకట్ అంటే వెనిస్ వాళ్ల పాత బంగారు నాణెం. పుట్టిన సరుకు విలువ రెండు దారుల్లో డబ్బవుతుంది. మొదటిది ఉత్పత్తి ఆదాయం, అది ఆ నేలను ఏలే రాజుకు నేరుగా చేరుతుంది. రెండోది వ్యాపారం విలువ. అది రాజు చేతికి రాదు, దగ్గరలోని వ్యాపార కూడలికి వెళ్లి అక్కడి కుప్పలో కలుస్తుంది. ప్రపంచమంతా ఇలాంటి కూడళ్లుగా విడిపోయి ఉంటుంది. మన తీరానికి కోరమాండల్ కూడలి ఉంది, లోపలి నేలకు దక్కన్ కూడలి ఉంది.

ఒక కూడలిలో నెలకు 10 డకట్ల సరుకు చేరిందనుకుందాం. అందులో ఎవరి వంతు ఎంతో ‘వ్యాపార బలం’ తేలుస్తుంది. రేవులు, బజార్లు, నదీ ముఖాలు చేతిలో ఉంటే బలం పెరుగుతుంది. తేలికపాటి ఓడలను కాపలా తిప్పినా పెరుగుతుంది. మన బలం వందకు 60 ఉండి అక్కడే వసూలు చేసుకుంటే 6 డకట్లు మనవి. మిగతా 40 బలం ఉన్నవాళ్లు సరుకును ముందుకు తోస్తుంటే 4 డకట్లు తర్వాతి కూడలికి కదిలిపోతాయి. రాజుకు మొదట ఇద్దరు వర్తకులు ఉంటారు. వాళ్లకు ఇవ్వదగ్గ పనులు రెండు. ఒక కూడలిలో కూర్చుని వసూలు చేయడం, లేదంటే సరుకును మన ఇంటి కూడలి వైపు మళ్లించడం. ఇంటి కూడలిలో వర్తకుడు లేకున్నా వసూలు సాగుతుంది. పరాయి కూడలిలో వసూలుకు కూర్చుంటే బలం సగమైపోతుంది. అందుకే తెలిసినవాళ్లు వర్తకులను ఎగువన నిలబెట్టి సరుకును ఇంటి దాకా నడిపిస్తారు. వర్తకుడు తోసిన ప్రతి మలుపులోనూ సరుకు విలువ కొద్దిగా పెరుగుతుంది. కొమ్ము పసుపు మెట్‌పల్లిలో ఒక ధర, పొడై ప్యాకెట్‌లోకి వెళ్లాక ఇంకో ధర అన్నట్టు.

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ ఆడిన పిల్లలకు ఇందులో ఒక ముక్క ముందే తెలిసి ఉంటుంది. అందులో మన బజారు నుంచి మిత్రుడి బజారుకు బండి తోలితే, రెండింటి మధ్య ఎంత దూరముంటే అంత బంగారం వస్తుంది. యూరోపాలో దూరం ఒక్కటే చాలదు, దారిలో ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి.

మావాడు గోల్కొండను పట్టుకుని కిరాయి సైన్యం పెంచాడు, చుట్టూ ఉన్న కోటలు పట్టాడు. కొంతసేపటికి అప్పు మీద అప్పు. “మామా, ఇంత భూమి గెలిచిన, పైసలెటు పోతున్నయి?” అని నా దగ్గరికి తెచ్చాడు. వ్యాపారం పటం తెరిచి చూస్తే గెలిచిన నేలంతా సరుకు పండిస్తూనే ఉంది. ఆ సరుకు తీరం దాటి పోతూనే ఉంది. రేవులో మన బలం లేదు. సైన్యంలో కొంత తీసేయించి ఓడలు కట్టించాను, రేవుల్లో బజార్లు కట్టించాను. వర్తకులను లోపలి కూడళ్లకు పంపించాను. భూమి అంగుళం పెరగలేదు కానీ ఖజానా నిండింది. బంగారు గని దొరికితే చాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. ఆటలో గని బంగారం ఎక్కువైతే ధరలు పెరిగి రాజ్యం ఖర్చంతా బరువవుతుంది. వ్యాపారం డబ్బుకు ఆ జబ్బు లేదు.

రేవు విలువ మన రాజులకు తెలియనిది కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు రాజులు గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. గణపతిదేవుడు అలా తీసుకోనని సముద్ర వ్యాపారులకు రాతి మీద మాటిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా 30లో ఒక వంతు సుంకం చాలన్నాడు. ఓరుగల్లులో కూర్చున్న రాజు అంత దూరాన ఉన్న రేవు గురించి ఇంత ఆలోచించాడు. బెదిరిన ఓడ ఇంకో రేవుకు పోతుందని ఆయనకు తెలుసు. నేను ఆడిన ఆటలో సరుకును రప్పించడానికి బలం పెంచుకోవడమే దారి. తక్కువ తీసుకుని ఎక్కువ మందిని పిలిచే ఈ దారి ఇంకా తెలివైనదని నా నమ్మకం.

తర్వాత గోల్కొండ కాలంలో మచిలీపట్నం ఆ స్థానానికి వచ్చింది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిష్‌వాళ్లు అక్కడ స్థావరాలు పెట్టుకున్నారు. వాళ్లు వచ్చింది మన బట్ట కోసం. ఆ బట్టను యూరప్‌కు తీసుకుపోవడం కంటే తూర్పు దీవులకు మోసి, అక్కడ మిరియాలు, లవంగాలు కొనడం వాళ్లకు ముఖ్యం. ఆ దీవుల్లో మన తీరపు బట్టకున్నంత గిరాకీ వాళ్ల సరుకుకు లేదు. మసాలా దీవుల వ్యాపారానికి కోరమాండల్ తీరం ఎడమ చేయి వంటిదని డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే గుర్తించాడు. మచిలీపట్నం ఓడలు పెగూకు, అచే‌కు, బందర్ అబ్బాస్‌కు, మోఖాకు తిరిగేవి.

ఈ పటంలో ఒక్క మనిషి ఎంత ఎత్తుకు పోగలడో మీర్ జుమ్లా చూపించాడు. పర్షియాలోని అర్దిస్తాన్‌లో నూనె వ్యాపారి కొడుకుగా పుట్టి, వ్యాపారుల దగ్గర కొలువు చేసుకుంటూ గోల్కొండ చేరాడు. వజ్రాల వ్యాపారంలో దిగాడు, గనులు పట్టుకున్నాడు, సొంత ఓడలు నడిపించాడు. మచిలీపట్నం అధికారి అయ్యాడు, ఆ తర్వాత అబ్దుల్లా కుతుబ్ షాకు వజీరయ్యాడు. 1650లో గండికోటను పట్టాడు. చివరికి సుల్తానుతో చెడి మొగలుల వైపు వెళ్లిపోయి 1663లో చనిపోయాడు. గని, రేవు, ఓడ మూడూ ఒక్కడి చేతిలో ఉండటమే అతని సంపదకు మూలం. యూరోపాలో నేను గంటల తరబడి కట్టే ఏర్పాటు కూడా సరిగ్గా అదే.

ఇంతవరకు ఆటా చరిత్రా కలిసే నడుస్తాయి. మా ప్రాంతం దగ్గరికి వచ్చేసరికి విడిపోతాయి. నాకు ఈ వ్యాసం రాయాలనిపించిందీ అక్కడే.

మెట్‌పల్లి దాటి నిజామాబాద్ దారిలో పోతే కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం ఉంది. హైదరాబాద్ రాజ్యంలో సర్వే పనిలో ఉన్న హెన్రీ వాయిసీ అనే డాక్టరు, భూగర్భ పరిశోధకుడు 1820ల మొదట్లో అక్కడి ఉక్కు తయారీని చూసి రాసుకున్నాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును పాళ్లు చూసి కలిపేవారు. మట్టి మూసలో పెట్టి మూత బిగించి, కొలిమిలో ఒక రోజంతా కాల్చేవారు. మెల్లగా చల్లారాక మూస పగలగొడితే ఉక్కు ముద్ద చేతికొచ్చేది. పర్షియాలో, డమాస్కస్ పేరుతో పడమటి దేశాల్లో మెచ్చుకున్న అలల చారల కత్తులకు కావలసింది ఇలాంటి ఉక్కే.

వాయిసీ వెళ్లినప్పుడు కోనసముద్రంలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వ్యాపారి ఉన్నాడు. ఇనుము పాళ్లు తానే తూచేవాడు, పని అయ్యేదాకా దగ్గరుండి చూసేవాడు. ఇలాంటి ఉక్కును తమ దేశంలో చేయాలని చూసినా పర్షియా వాళ్లకు కుదరలేదని వాయిసీ రాశాడు. అందుకే కొనేవాడు ఇంత దూరం నడిచి మూస దగ్గరికే వచ్చాడు. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో ఆరు వారాలు తిరిగి, పాత ఇనుము, ఉక్కు పనులకు సంబంధించిన 245 చోట్లను నమోదు చేశాయి. మా దిక్కు చేలల్లో దున్నేటప్పుడు తగిలే చిట్టెపు రాళ్లకు ఇంత కథ ఉంది.

ఇప్పుడు ఆటలో చూడండి. ఇనుము ధర 3 డకట్లు, ఎక్కడ పుట్టినా అంతే. కోనసముద్రం కొలిమి దగ్గర వందల ఏళ్లు ఎదిగిన చేతి నేర్పుకు అందులో గడి లేదు. కూడలి ఎవరిదన్నదే లెక్క. ఆటను మెచ్చుకుంటూనే ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. దారిలో కూర్చున్నవాడికి డబ్బు రావడం నిజమే, అది నేను రోజూ కాంటా దగ్గర చూసే నిజం. కానీ ఇంకొకరికి చేతకాని పని చేసే ఊరికి దారి తానే వెతుక్కుంటూ వచ్చిందన్నది కూడా అంతే నిజం. ఆ నేర్పుకు గిరాకీ పోయిన రోజు దారి మళ్లిపోయింది. విదేశీ కర్మాగారాల ఉక్కు చౌకగా దిగాక మన కొలిములు ఆరిపోయాయి.

సిరిసిల్లలో ఇదే లెక్కను ఇంకో రకంగా చూడొచ్చు. అక్కడి సాంచాలకు, అంటే మరమగ్గాలకు, నూలు బయటి రాష్ట్రాల నుంచి రావాలి. నేసిన బట్టలో చాలా భాగం రంగు పడకుండానే బయటికి పోతుంది. రంగు వేసేవాడి దగ్గర, అమ్మేవాడి దగ్గర విలువ పెరుగుతుంది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చినప్పుడు కొనేవాడు సాంచా దగ్గరికే వచ్చాడు. ఆసాములకు, కార్మికులకు చేతినిండా పని దొరికింది. కొనేవాడు ఒక్కడే అయితే అతను ఆగిన రోజు సాంచా కూడా ఆగుతుంది. ఆటలో సాంచా నడిపే మనిషి అసలు కనిపించడు, బట్ట బొమ్మ ఒకటే కనిపిస్తుంది. మా పసుపు సంగతీ ఇంతే. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైనప్పుడు మా మార్కెట్‌లో అందరూ ధర గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఉడకబెట్టిన పసుపును పొడి చేసి, పరీక్షించి, పేరు పెట్టి అమ్మే పని ఎంతవరకు ఇక్కడే జరుగుతుందన్నదే ముఖ్యం అనిపించింది.

ఆటతో నాకున్న ఇంకో తగాదా బాణాల గురించి. కూడలి నుంచి కూడలికి గీసిన బాణాలు మారవు. చివరికి అన్నీ మూడు చోట్లకే చేరతాయి. ఇంగ్లిష్ చానల్, జెనోవా, వెనిస్. అక్కడికి సరుకు వస్తుంది, అక్కడి నుంచి ముందుకు పోదు. ఇంగ్లండ్ రాజుగా ఆడేవాడు ఊరికే కూర్చున్నా ప్రపంచం అతని గుమ్మం వైపు జారుతుంది. గోల్కొండ పట్టుకున్నవాడు ఎదురీదాలి. 1444లో, ఆ మాటకొస్తే 1600లో కూడా ప్రపంచం అలా లేదు. వెండి యూరప్ నుంచి ఇటే వచ్చేది. గుర్రాలు పర్షియా నుంచి, అరేబియా నుంచి ఇటే వచ్చేవి. తయారీదారులకూ ఇది తెలిసినట్టే ఉంది, 2025 నవంబరులో వచ్చిన అయిదో భాగంలో ఆ స్థిరమైన బాణాలను తీసేశారు. సరుకు ఎక్కడ కొరవగా ఉంటే అటు పోయే మార్కెట్లు పెట్టారు.

మాకున్నది మాత్రం నాలుగోదే. దానికో సుగుణం ఉంది, సరుకుల ధరలు, కూడళ్ల బాణాలు మామూలు అక్షరాల ఫైళ్లలో ఉంటాయి. తెరిచి మార్చుకోవచ్చు. పోయిన సెలవుల్లో మావాడూ నేనూ ఆ పనికి కూర్చున్నాం. పర్షియా తీరంలోని హోర్ముజ్ కూడలి నుంచి యూరప్ వైపు పోయే బాణాలను తెంపేసి, సరుకు అక్కడే ఆగేలా చేశాం. హోర్ముజ్ నుంచి మచిలీపట్నానికి వెండి తెచ్చే బాణం కూడా గీద్దామంటే ఆట ఒప్పుకోదు, దారి చుట్టుతిరిగి మొదటికి రాకూడదని దాని నియమం. ఆ తర్వాత ఉక్కు అనే కొత్త సరుకు చేర్చి మా ప్రాంతం పేరున రాశాం. ధర దగ్గర ఇద్దరికీ పడలేదు. “రత్నాలకే నాలుగుంది మామా, ఉక్కుకు గూడ నాలుగే పెడదాం” అన్నాడు. రత్నం భూమిలో దొరికేది, ఇది మనిషి చేసేది, పైగా ఇస్ఫహాన్ మనిషి దీనికోసం కొలిమి దగ్గర కావలి ఉన్నాడని చెప్పాను. “అయితే ఎంత?” అన్నాడు. 5 అని రాయించాను.