పాత ల్యాప్‌టాప్: బటన్ నొక్కే ముందు

గోదావరి పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న కోనసీమలో గాలి ఎప్పుడూ తడితడిగానే ఉంటుంది. వానాకాలం వస్తే బీరువాలోని పట్టుచీరలకే బూజు పడుతుంది, కిటికీ ఊచలు తుప్పు పడతాయి. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్‌ను అమలాపురంలోనో రాజోలులోనో ఇంట్లో వదిలేసి పిల్లలు హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వెళ్లిపోతారు. అయిదారేళ్లకు ఎవరికో అవసరం పడి దాన్ని బయటికి తీస్తే, వయసు కంటే ఈ తేమ చేసిన చేటే ఎక్కువగా ఉంటుంది.

తీయగానే చార్జర్ తగిలించి బటన్ నొక్కేస్తారు చాలామంది. నిజానికి అది చివర చేయాల్సిన పని.

ముందు చూడాల్సింది బ్యాటరీని. లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది. ఒక్కో సెల్‌లో వోల్టేజి సుమారు రెండున్నర వోల్టుల కంటే దిగిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ ఇక చార్జింగ్ ఎక్కనివ్వదు. అది చెడిపోవడం కాదు, ప్రమాదం రాకుండా చూసుకోవడమే. అడుగు రేకు ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా సెల్స్‌లో గ్యాస్ చేరిందని అర్థం. అప్పుడు దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగ్ అసలే పెట్టకూడదు. పాత మోడళ్లలో బ్యాటరీ విడిగా ఊడివస్తుంది. దాన్ని తీసేసి అడాప్టర్ మీద నడిపితే చాలావరకు నడుస్తాయి.

తర్వాత తేమ. ర్యామ్ ముక్కను బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ బిగిస్తే, ‘చచ్చిపోయింది’ అనుకున్న యంత్రం తెర వెలిగించడం రిపేరు షాపులో మామూలే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలు మునిగాయి. అలాంటి ఒండ్రునీరు తగిలిన బోర్డును మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించకుండా కరెంటు ఇవ్వకూడదు. వరి పండే సీమ కదా, ఏది తడిసినా బియ్యం డబ్బానే గుర్తొస్తుంది. బియ్యం పీల్చే తడి తక్కువ, లోపలికి దూర్చే తవుడు ఎక్కువ. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ సంస్థే 2024లో చెప్పింది.

తెర వెలిగాక ఇంకో చిక్కు. వెబ్‌సైట్లు ఒక్కటీ తెరుచుకోవు, భద్రత లేదంటూ హెచ్చరికలు వస్తాయి. వైరస్ అని భయపడేలోగా మూలనున్న తేదీ చూడాలి. మదర్‌బోర్డు మీద సాధారణంగా ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి నేటి వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు పుట్టనే లేదు మరి!

ఏం మార్చాలన్నా ముందు ఫొటోలు, కాగితాలు వేరే డిస్కులోకి ఎక్కించుకోవాలి. హార్డ్‌డిస్క్ టక్ టక్ మంటుంటే వెంటనే ఆపేయాలి. డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే పదేళ్లనాటి యంత్రం కూడా గమ్మత్తుగా చురుకెక్కుతుంది. పెట్టుబడికి ఇంతకంటే ఫలితమిచ్చే రిపేరు లేదు.

ఇక విండోస్. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ఆగింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరానిది, దానితోపాటు టీపీఎం 2.0 భద్రతా చిప్ ఉండాలి. అవి లేనివాటికి లినక్స్ మింట్, లుబుంటు ఉచితం. బ్రౌజింగ్‌కు, పిల్లల చదువుకు అవి చాలు.

డీటీపీ షాపులో దొరికిన పాత ల్యాప్‌టాప్‌కు మాత్రం ఈ సలహా పనికిరాదు. అందులో విండోస్ ఎక్స్‌పీ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్లనాటి పెళ్లికార్డులు ఉంటాయి. అను యూనికోడ్ కాదు. ఇంగ్లిషు అక్షరాల చోట్లలో తెలుగు రూపాలు కూర్చోబెట్టినది. ఫాంటు లేకపోతే శుభలేఖ కాస్తా అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల వరసైపోతుంది. అదే 2001లో వచ్చిన ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన తెలుగు ఫాంటు గౌతమి యూనికోడ్‌ది. దానితో టైపు చేసినవి నేటి ఫోన్‌లోనూ చదవొచ్చు. అనులోనివి చదవాలంటే ఆ ఫాంట్లుండాలి, పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేరూ ఉండాలి. అందుకే అక్కడ ఎక్స్‌పీని చెరపకూడదు, ఇంటర్నెట్ తగిలించకూడదు. డిస్క్ మొత్తానికి నకలు తీసి, ఫైళ్లను ఒక్కొక్కటిగా పీడీఎఫ్ చేసి, మళ్లీ వాడాల్సిన మాటర్‌ను యూనికోడ్‌లోకి మార్పించాలి.