తువ్వాలు చాటు బట్ట

ఆడపిల్లలున్న ఏ యింటి పెరట్లోకైనా వెళ్ళి దండెం కేసి చూడండి. చీరలు బారుగా ఆరుతూ వుంటాయి. లంగాలు ఆరుతూ వుంటాయి. రవికలు కూడా చేతులు చాచుకుని ధైర్యంగా ఆరుతూ వుంటాయి. ఆ చివర మాత్రం ఒక తువ్వాలు వుంటుంది. దాని క్రింద ఏముందో యింట్లో అందరికీ తెలుసును, ఎవరూ అడగరు. మా వూళ్ళో దాన్ని 'బాడీ' అనేవారు. దుకాణాల్లో 'బ్రా' అంటారు.

ఆ తువ్వాలు చాటు బట్టను గురించే యీ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఇందులో రాయడానికేముంది అనకండి. పుట్టినప్పుడు మగపిల్లవాడని పేరు పెట్టించుకుని, తరువాత ఆడదానిగా బతకడం మొదలుపెట్టిన నా వంటి ట్రాన్స్‌జెండర్ స్త్రీలకు అదొక గడప. దాటినవాళ్ళకే దాని ఎత్తు తెలుసు.

ఆడపిల్ల ఎదుగుతూంటే తల్లి కనిపెడుతుంది. ఒకనాడు బజారునుంచి వస్తూ కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి, "రేపటినుంచి యిది తొడుక్కో" అంటుంది. అంతే. మా అక్కకు అలాగే జరిగింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటూ, నా పొట్లం ఎప్పుడు వస్తుందా అనుకున్నాను. అది రాదని అర్థం కావడానికి మరి రెండేళ్ళు పట్టింది.

పదమూడో ఏట ఒక మధ్యాహ్నం ఆ తువ్వాలు ఎత్తాను. గది తలుపు గడియ వేసుకుని అరగంటసేపు అక్క బాడీ తొడుక్కుని కూర్చున్నాను. అద్దంలో చూసుకోలేదు, ధైర్యం చాలలేదు. తిరిగి ఆరవేసినప్పుడు మడత మారింది కాబోలు, సాయంత్రం అక్క, "నా బట్టలు ఎవరు ముట్టుకున్నారమ్మా?" అని అడిగింది. "పిల్లి లాగి వుంటుంది" అంది అమ్మ. ఆ మాట అంటూ అమ్మ నా వంక చూసిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

నా డబ్బుతో నేను మొదటిది కొన్నది 2012లో, హైదరాబాదులో. వుద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్న వారం. సుల్తాన్ బజారులో ఒక దుకాణం ముందు మూడుసార్లు అటూ యిటూ తిరిగి, నాలుగోసారి లోపలికి వెళ్ళాను. అప్పటికింకా పాంటూ చొక్కాలోనే వున్నాను.

"మా చెల్లెలికండీ" అన్నాను. నాకు చెల్లెలు లేదు.

"సైజెంత?"

పాఠంలో లేని ప్రశ్న! గోడనున్న పెట్టెమీద 32 అని కనిపించింది. అదే చెప్పాను. రంగు అడిగితే తెలుపన్నాను. చిల్లర తీసుకోవడం కూడా మరిచిపోయి బయటపడ్డాను. గదికి వచ్చి తొడుక్కుంటే, వీపు మీద హుక్కులకూ వాటి కళ్ళకూ మధ్య బెత్తెడు జాగా మిగిలింది. నా ఛాతీ 38 అని తెలిస్తే గదా! ఎలాస్టిక్ ముక్క కొని, సూదీ దారం పుచ్చుకుని అతుకు వేసుకున్నాను. ముందువైపు హుక్కులు పెట్టుకుని తరువాత వెనక్కి తిప్పుకోవచ్చునన్న చిన్న ఉపాయం కూడా నాకెవరు చెబుతారు? చేతులు నొప్పి పుట్టేలా వెనక్కే విరిచాను.

తరువాత నా వంటివాళ్ళతో స్నేహం కలిసింది. అందరికీ యిలాంటి కథే ఒకటుంది. ఒకామె తపాలాలో తెప్పించుకుంటే పార్సెల్ తండ్రి చేతిలో పడింది. ఆ రాత్రే యిల్లు వదలవలసి వచ్చింది. మరొకామెకు, హిజ్రాల యింట్లో చేరిన రోజున, గురువే చీరతోపాటు తెచ్చి యిచ్చి, హుక్కులు తానే పెట్టిందట. "మా అమ్మ చెయ్యవలసిన పని ఆమె చేసింది" అని చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

నాకు కొలత నేర్పింది మాత్రం కోఠీ ఫుట్‌పాత్ మీద బట్టలమ్మే ఒక పెద్దామె. అప్పటికి పంజాబీ డ్రెస్సు వేసుకుంటున్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి, టేపు తీసి, "గట్ల బిగబట్టకు బిడ్డా, ఊపిరి ఇడువు" అంది. ఆమె చెప్పిన లెక్క యిది. రొమ్ముల క్రింద చుట్టుకొలత ఒకటి, రొమ్ముల మీదుగా మరొకటి తియ్యాలి. మొదటిది బేసి అంకె అయితే ఆపై సరి అంకెకు కలుపుకోవాలి. అది పట్టీ సైజు. రెండో కొలత దానికంటె ఒక అంగుళం ఎక్కువైతే ఏ కప్పు, రెండైతే బీ, మూడైతే సీ. నావి 37, 39 వచ్చాయి. అంటే 38 ఏ.

చిక్కంతా అక్కడే వుంది. మగ ఎముకలతో ఎదిగిన శరీరానికి డొక్క వెడల్పు, కప్పు చిన్న. దుకాణాల్లో 38 అంటే ఒళ్ళు చేసిన పెద్ద ఆడవాళ్ళకని సీ, డీ కప్పులే ఎక్కువగా పెడతారు. అందుకని మాలో చాలామంది 36 బీ కొని, వెనక హుక్కుల పట్టీ ఒకటి అదనంగా తగిలించుకుంటారు. ఆ పట్టీ విడిగా అమ్ముతారు. అది తెలిస్తే నా ఎలాస్టిక్ కుట్టుపని తప్పిపోయేది.

లోపల పెట్టుకునే వాటి సంగతీ చెప్పాలి. గుడ్డపీలికలు, స్పాంజి, ఆవాల మూటలు, నీళ్ళు నింపిన బుడగలు - మేం పడని పాట్లు లేవు. మన ఎండల్లో స్పాంజి కింద చెమటకాయలు లేస్తాయి. రొమ్ము కాన్సరుకు ఆపరేషను అయిన స్త్రీల కోసం లోపల జేబు కుట్టిన బ్రాలుంటాయి. అవి మాకూ పనికి వస్తాయి.

డాక్టరు పర్యవేక్షణలో హార్మోన్లు మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు నెలల్లో చనుమొనల క్రింద చిన్న గడ్డలా కట్టి, చొక్కా తగిలినా సలుపుతుంది. పదమూడేళ్ళ పిల్ల పడే నొప్పి నేను యిరవైనాలుగో ఏట పడ్డాను. ఆ ఎదుగుదల రెండు మూడేళ్ళ వరకూ సాగుతుంది గనుక మొదట్లోనే ఖరీదైనవి కొనడం దండుగ. తీగ లేని మెత్తని నూలుది చాలు. తొందరపడి గర్భనిరోధక మాత్రలు తమంతట తామే మింగేవాళ్ళున్నారు. రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చును. యీ ఒక్కటీ మాత్రం చెల్లెళ్ళెవరైనా చదివితే గుర్తుంచుకోవాలి.

ఇంతకీ ఆడబట్ట కట్టడం మన తెలుగువాళ్ళకు వింతా? స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలు ధరిస్తే జనం నీరాజనాలు పట్టారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసి మురిశారు. వారు పురుషులు, వారిది కళ. తెర దించాక వేషం తీసేసేవారు. నాది వేషం కాదు గనుక తియ్యడానికి లేదు. తేడా అంతా అక్కడే వచ్చింది.

హైదరాబాదు రాజ్యంలో 1919లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసేవారు. అలా రాసినవారు ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చును. రెండేళ్ళ దాకా జైలు. నేను సుల్తాన్ బజారులో ఆ పొట్లం కొన్న నాటికి ఆ చట్టం యింకా పుస్తకాల్లోనే వుంది! సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తన లింగమేదో చెప్పుకునే హక్కు మనిషికే వుందని తీర్పు చెప్పింది. దుకాణాల వంటి చోట్ల మమ్మల్ని కాదనకూడదని 2019లో పార్లమెంటు చట్టం చేసింది. తెలంగాణ హైకోర్టు ఆ పాత చట్టాన్ని 2023 జూలైలో కొట్టివేసింది.

కొట్టివేసిన తరువాత కూడా ఒక పెద్ద దుకాణంలో నన్ను బట్టలు తొడిగి చూసుకునే గదిలోకి వెళ్ళనివ్వలేదు. "మిగతా లేడీస్ యిబ్బంది పడతారు" అన్నాడు కుర్రవాడు. వరసలో నా వెనక నిలబడిన ఒకావిడ, "నాకేం యిబ్బంది లేదే!" అంది. ఆవిడెవరో నాకు తెలియదు. కుర్రవాడు తప్పుకున్నాడు.

ఆ యేడు దసరాకు అమ్మ మొదటిసారి నా గదికి వచ్చింది. ఎనిమిదేళ్ళుగా మా మధ్య ఫోనులో క్షేమసమాచారాలు తప్ప మాటలు లేవు. వచ్చిన రెండు రోజులూ "ఏరా" అనే పిలిచింది. నేను పలికాను. వంట చేసింది, నా చీరలు మడత పెట్టింది, వాటి గురించి ఒక్క మాట అనలేదు.

మూడోరోజు ఉదయం నేను బట్టలుతికి డాబా మీద ఆరేసి వచ్చాను. ఒంటరిగా వుండే మనిషిని, చాటు ఎవరికి? అన్నీ వరసగా వేశాను. కాసేపటికి అమ్మ పైకి వెళ్ళింది. దిగి రావడం ఆలస్యమయితే వెతుక్కుంటూ వెళ్ళాను. తన తువ్వాలు తీసి నా బ్రా మీద కప్పి, నాలుగు కొసలూ సరిచేస్తోంది.

నన్ను చూసి కసిరింది: "ఇలా బయట ఆరేస్తారటే? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే!"