దేనికీ పనికిరాని గంట

"ఎమ్మెస్సీ చదివి, ఆడ తిరగమాత పెట్టుకుంటా ఉండావా?" నెల్లూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా పిన్ని అడిగే మాట ఇది. నవ్వుతూనే అడుగుతుంది. నేనూ నవ్వుతూనే "అవును పిన్నీ" అంటాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రోజంతా అదే చెవిలో తిరుగుతుంది.

దుబాయ్ వచ్చి ఎనిమిదేళ్లు. మావారి స్పాన్సర్‌షిప్ మీద వచ్చిన వీసా నాది. పాప స్కూల్ బస్సు ఎక్కాక ఇల్లంతా నిశ్శబ్దం. ఆ ఖాళీని నింపడానికి ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టి సగంలో ఆపాను. వంటల ఛానల్ పెట్టి పదకొండు వీడియోలతో ముగించాను. "మీ జీవిత లక్ష్యం కనుక్కోండి" అనే ప్రసంగాలు విన్నకొద్దీ దిగులు పెరిగింది. లక్ష్యం దొరికేదాకా సంతోషపడే అర్హత లేదేమో అనిపించేది. మీలో కొందరికైనా ఇది కొత్త కాదనుకుంటాను.

పోయిన చలికాలం పాప స్కూల్ ప్రాజెక్టు కోసం రాస్ అల్ ఖోర్ వెళ్లాం. దుబాయ్ క్రీక్ చివరన ఉన్న చిత్తడి నేల అది. 2007లో రామ్‌సర్ జాబితాలో చేరింది. పక్కనే హైవే, దూరంగా బుర్జ్ ఖలీఫా, మధ్యలో నిస్సారమైన నీళ్లలో వందల ఫ్లెమింగోలు. మా పులికాట్‌కి వచ్చే జాతే. చిన్నప్పుడు నాన్న బస్సులో సూళ్లూరుపేట తీసుకెళ్లి, శ్రీహరికోట రోడ్డు మీద నిలబెట్టి చూపించారు.

నాలోని జువాలజీ లేచింది. నాచులోనూ చిన్న రొయ్యల్లోనూ ఉండే కెరోటినాయిడ్ల వల్లే ఆ గులాబీ రంగని పాపకి చెప్పాను. ఒంటికాలి మీద నిలబడటానికి వాటికి కండరాల శ్రమ దాదాపు అక్కర్లేదని 2017లో అమెరికా పరిశోధకులు తేల్చారనీ చెప్పాను. మన కంటికి అది తపస్సు, వాటికి విశ్రాంతి!

పాప వినడం లేదు, చూస్తోంది. నేనూ మాటలు ఆపి చూశాను. ఎంతసేపో తెలీదు. "దీనివల్ల ఏం లాభం?" అన్న ప్రశ్న మాత్రం అప్పుడు రాలేదు.

ఇప్పుడు చలికాలంలో వారానికోసారి ఒక్కదాన్నే వెళ్తాను. "ఫొటోలు తీసి పేజీ పెట్టచ్చుగా" అంది స్నేహితురాలు. వద్దన్నాను. పెడితే అదీ ఓ పనైపోతుంది, లైకులు లెక్కపెడతాను. ఎండలు ముదిరాక బాల్కనీలో కరివేపాకు మొక్క దగ్గర టీ కప్పుతో కూర్చుంటాను. అది చాలు.

ఉద్యోగం వద్దని కాదు. వస్తే చేస్తాను. అది వచ్చేదాకా నా సంతోషాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో మాత్రం పెట్టను.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. "ఏం చేస్తా ఉండావే?"

"పక్షుల్ని చూసొచ్చా పిన్నీ."

"ఏంటికి?"

"ఊరికే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మీ నాయనా అంతే. ఊరికే పోయి చూస్తా నిలబడేవాడు."