ఒక సినిమా... ఇద్దరు ఎడిటర్లు

'సినిమా బండి' చూశారా? ఆటో డ్రైవర్‌కి తన ఆటోలో ఓ కెమెరా దొరుకుతుంది. దాంతో ఊరివాళ్లంతా కలిసి సినిమా తీయడానికి దిగుతారు. 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ సినిమా టైటిల్స్ ఈసారి ఆగి చదవండి. ఎడిటింగ్ దగ్గర రెండు పేర్లుంటాయి: రవితేజ గిరిజాల, ధర్మేంద్ర కాకరాల.

చిన్న సినిమాకి ఇద్దరెందుకు అనిపించొచ్చు. బడ్జెట్ చిన్నదైనా ఫుటేజీ చిన్నది కాదు. డిజిటల్ కెమెరాకి ఫిలిం ఖర్చు లేదు. కొత్త నటులైతే టేకులు ఎక్కువవుతాయి. అందుకే ఇండిపెండెంట్ సినిమాల్లో పని పంచుకోవడం మామూలే.

మన ఉమ్మడి కృష్ణా జిల్లాకీ ఎడిటింగ్‌కీ పాత చుట్టరికమే. 'ఈగ', 'బాహుబలి' సినిమాల ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావుది నూజివీడు. ఆయన అన్న గోపాలరావు కూడా ఎడిటరే. అప్పట్లో సీనియర్ పక్కన కూర్చుని ఫిలిం ముక్కలు సర్దుతూ పని నేర్చుకునేవారు. ఇప్పుడు మీరు బెజవాడలో, రెండో ఎడిటర్ హైదరాబాద్‌లో ఉన్నా పని నడుస్తుంది. చిక్కల్లా అక్కడే.

బీటెక్ అయ్యాక, దివిసీమలో తీసిన ఓ చిన్న సినిమాకి నేను రెండో ఎడిటర్‌గా చేరాను. చూడ్డానికి నీట్‌గా ఉంటాయని ఫోల్డర్ల పేర్లన్నీ మార్చి, సీన్లు కట్ చేసి హార్డ్ డిస్క్ పంపాను. అవతల ప్రాజెక్ట్ తెరిస్తే స్క్రీనంతా ఎర్రగా 'మీడియా ఆఫ్‌లైన్'. ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియో ఉండదు, ఏ క్లిప్ ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ చిరునామాలే నేను చెడగొట్టాను. సీనియర్ ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు: "కట్ బాగుంది తమ్ముడూ. కానీ నువ్వు పక్కన లేకపోతే ఇది ఎవరికీ తెరుచుకోదు."

ఆ తర్వాత నేర్చుకున్నవి ఇవీ.

మొదటి రోజే ఫ్రేమ్ రేట్ ఒకటే అనుకోండి. ఒకరు 24లో, ఇంకొకరు 23.976లో చేస్తే గంటకి 3.6 సెకన్ల తేడా వస్తుంది. పెదాలు ఒకచోట, మాట ఒకచోట!

ఫోల్డర్ల అమరిక ఇద్దరి దగ్గరా ఒకేలా ఉండాలి. ఒరిజినల్ క్లిప్ పేర్లు ముట్టుకోవద్దు.

ఒక సీను ఒక్కరి చేతిలోనే ఉండాలి. గిట్‌లో ఇద్దరు రాసిన కోడ్‌ని మెర్జ్ చేయొచ్చు. ఒకే సీన్‌ని ఇద్దరు రెండు రకాలుగా కట్ చేస్తే కలిపే బటన్ లేదు. ఆవిడ్‌లో షేర్డ్ ప్రాజెక్ట్ అయితే, ఒకరు పనిచేస్తున్న బిన్‌కి రెండోవాళ్లకి తాళం పడేది అందుకే.

ఫైల్ పేరులో సీన్ నంబరు, తేదీ, మీ పేరులో మొదటి అక్షరం ఉంటే చాలు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' వద్దే వద్దు.

ఫుటేజీ మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీల్లో, అందులో ఒకటి వేరే చోట ఉంచండి.

పిక్చర్ లాక్ అయ్యాక సౌండ్ వాళ్లకి ఏఏఎఫ్, కలర్ వాళ్లకి ఎక్స్ఎంఎల్ వెళ్తుంది. ఆ తర్వాత ఒక్క ఫ్రేమ్ తీసినా అందరికీ చెప్పాల్సిందే. లేదంటే అక్కడి నుంచి సౌండ్ అంతా జరిగిపోతుంది.

ఇక టైటిల్స్‌లో మీ పేరు ఎలా పడుతుంది, డబ్బు ఎంత, ఎప్పుడు అన్నది పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. సినిమా అయ్యాక అడిగితే మొహమాటాలు, మనస్పర్థలే మిగులుతాయి.

అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరాలనుకుంటే షోరీల్ ఒక్కటే చాలదు. ఈ వారమే ఓ పరీక్ష పెట్టుకోండి. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఐదు నిమిషాల షార్ట్ ఫిల్మ్ కట్ చేయండి. ప్రాజెక్ట్, ఫుటేజీ కలిపి స్నేహితుడికివ్వండి. ఫోన్ ఎత్తొద్దు. మీ సాయం లేకుండా అరగంటలో అతని సిస్టమ్‌లో టైమ్‌లైన్ ప్లే అయిందా? అయితే మీరు ఇంకొకరితో కలిసి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నట్టే.